స్కాన్ ఫారంలో భర్త పేరు

1987. తిరువళ్ళూరుకు స్కానింగు మిషను వచ్చిన కొత్త. ఐదో నెల గర్భిణి మా కాంచనక్కను మా ఊరు కనకమ్మ సత్రం నుంచి బస్సులో తీసుకెళ్ళాను. బావకు లీవు దొరకలేదు. అందువల్లే నా తెలివి ఊరందరికీ తెలిసింది.

కౌంటర్లో తెల్లకోటు అమ్మాయి. కోటు మీద ‘దేవకి’ అని ఉంది. నేను జుట్టు సర్దుకున్నాను.

"భర్త పేరు?" అక్కనడిగింది.

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. చెప్పమని అక్క నన్ను మోచేత్తో పొడిచింది.

"మీరన్నా చెప్పండి సార్, పేరు?" దేవకి నా వైపు తిరిగింది.

అంత అందమైన అమ్మాయి అడిగితే ఎవడైనా బావ పేరు చెబుతాడా?

"నటరాజ్. పట్టాభిరామ్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. పర్మనెంట్!"

"అదంతా అడగలేదు." రాసుకుంది. "అక్కా, నాలుగు గ్లాసులు నీళ్ళు తాగల్ల. స్కాన్ అయ్యేదాకా ఒకటికి పోగూడదు."

అక్క నీళ్ళు తాగుతుంటే నేను కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. "మీది యాడండీ?"

"తిరుత్తణి. పోయి ఆమె పక్కన కూసోండి!"

కోపమంటే ఇష్టమేనని వారపత్రికల్లో చదివి ఉన్నాను. సంతోషంగా కూర్చున్నాను.

కాసేపటికి అక్కను లోపలికి పిలిచారు. తెర వెనక నుంచి డాక్టరమ్మ కేకేసింది. "నటరాజ్ సార్! రాండి, మీ బిడ్డను చూడండి. గుండె బాగా కొట్టుకుంటా ఉంది!"

"అయ్యో, ఆ బిడ్డ నాది కాదు!" గట్టిగా అరిచాను.

హాల్లో పదిమంది గర్భిణులు ఒకేసారి తల తిప్పారు. ఒక ముసలమ్మ చెప్పు కోసం వంగింది.

"థూ! నువ్వు మనిషివేనా?" దేవకి లేచింది. "పెండ్లాన్ని లోపల పెట్టుకోని నా ఊరు విచారిస్తావా? బిడ్డ నాది కాదంటావా?"

"ఆమె మా అక్కండీ!"

"మరి నీ పేరెందుకు చెప్పినావు?"

"మీరు అడిగినారని... మిమ్మల్ని చూస్తానే మా బావ పేరు మరిచిపోయినానండీ!"

"ఈ కథలన్నీ నాకాడ వద్దు!"

అంతలో తెర వెనక నుంచి అక్క గొంతు. "అమ్మా, వాడు నా తమ్ముడే! నా మొగుడి పేరు సుదర్శనం!"

నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి ఆ పేరు పలికింది, నా కోసం. వెంటనే లెంపలు వేసుకున్న చప్పుడు కూడా వినబడింది.

దేవకి నా పేరు కొట్టేసి బావ పేరు రాసింది. నవ్వు ఆపుకోలేక పెన్ను కింద పడేసింది.

"పెండ్లి కాలేదా?"

"ఈ తెలివికి ఎవరిస్తారండీ?"

రిపోర్టు అక్క చేతికిస్తూ నాతో అంది. "వచ్చే నెల మళ్ళా రావల్ల. మీ అమ్మను గూడా పిలుచుకోని రాండి."

"అమ్మకెందుకండీ స్కానూ?" అన్నాను.

అక్క నెత్తి కొట్టుకుని, నన్ను పక్కకు నెట్టి, దేవకి వాళ్ళ నాన్న ఎప్పుడు ఇంట్లో ఉంటాడో అడిగింది.