పక్క నుంచి పడే వెలుతురు

మా చెక్కడం షెడ్డు ఇంటి వెనకే ఉంటుంది. మంచాలు, సోఫాలు చేసే మా దమియెట్టాలో సగం ఇళ్ళకి ఇలాంటి షెడ్డు ఒకటి ఉంటుంది. మా షెడ్డుకి మూడు పక్కలా పొరుగువాళ్ళ గోడలు, నాలుగో పక్క తలుపు. కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యందే లోపల చెయ్యి కనబడదు. బీచ్ చెట్టు చెక్క పొట్టు, ఉడికించిన జిగురు, నైలు మీంచి వచ్చే తేమ... ఆ వాసన నా బట్టల్లోంచి ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.

చెక్కడానికి వెలుతురు పైనుంచి పడకూడదు. అలా పడితే గులాబీ కూడా రొట్టెలా కనిపిస్తుంది. ఎడమ పక్క నుంచి, కిందుగా, చెక్కని రాసుకుంటూ పడాలి. అప్పుడే రేకు కింద నీడ ఏర్పడుతుంది. ఉలి ఎంత లోతుకి దిగాలో ఆ నీడే చెబుతుంది. ఇది నాకు మా నాన్న నేర్పాడు. పెళ్ళయ్యాక నా మొగుడు అతియ్యాకి నేను నేర్పాను. ఆ మాట ఊళ్ళో ఎవరితోనైనా అని చూడండి, నవ్వుతారు.

పైన ట్యూబులైట్లున్నా, షెడ్డులో పక్క దీపం ఒక్కటే ఉండేది, అదీ అతని బల్లకే బిగించి. దాని ముందు కూర్చుని టీ తాగుతూ, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడుతూ పలకల అంచులు గీకేవాడు. నేను అతని వీపు వెనక కూర్చుని గులాబీలు చెక్కేదాన్ని. కంటికి అందనిది బొటనవేలితో తడిమి తెలుసుకునేదాన్ని. ఎక్కడైనా ఉలి జారితే నాలుకతో ‘త్చ్’మనేవాడు. తిట్టేవాడు కాదు, వెనక్కి తిరిగేవాడు కూడా కాదు. ఆ పలకలు షోరూముకి చేరేసరికి అవి అతియ్యా గులాబీలు. నేను అతియ్యా పెళ్ళాన్ని. ఊళ్ళో నాకింకో పేరు ఉన్నట్టు ఎవరికీ గుర్తులేదు.

ఒక ఉదయం బల్ల మీదే వాలిపోయాడు. గుండె ఆగిపోయింది. మొగుడు పోయినదాన్ని గడప దాటనివ్వని ఇద్దత్ రోజులు ముగియగానే మరిది షహాతా వచ్చి షెడ్డు గోడలు టేపు పెట్టి కొలవడం మొదలుపెట్టాడు. కంప్యూటరుతో చెక్కే మెషిన్ పెడతాడట. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో వదినా అన్నాడు. హాయి అంటే ఏమిటో మగవాళ్ళకే బాగా తెలుసు, అదీ మన తరఫున. షోరూం యజమాని హాజీ అబ్దుల్ వదూద్ మధ్యవర్తిగా కూర్చున్నాడు. ఒక మంచానికి తలవైపు పలక నేనొక్కదాన్నే చెక్కాలి. అది అతియ్యా పనికి సమానంగా ఉంటే షెడ్డు నాది, ఆర్డర్లూ నావి. లేకపోతే మెషిన్ దిగుతుంది. నా చేతిపనికి నా చేతిపనితోనే పోటీ పెట్టి, పెద్ద న్యాయం చేసినవాడిలా గడ్డం నిమురుకుంటూ వెళ్ళాడు.

మొదటిసారి ఆ బల్ల దగ్గర, ఆ దీపం ముందు కూర్చున్నాను. ఉలి పట్టగానే గులాబీ మీద నీడ పడింది. నా భుజం అనుకుని జరిగాను. నీడ జరగలేదు. దీపం ఎత్తు పెంచాను, తగ్గించాను, కుడివైపు బిగించాను. పోలేదు. చివరికి ఎలక్ట్రీషియన్ లుత్ఫీని పిలిచాను.

లైటుకి అడ్డంగా కూర్చోవడం ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చే గుణమట. అది చెప్పి, మూడు చెంచాల పంచదారతో టీ తాగి, పాత ట్యూబులైట్లు పీకేశాడు. పైకప్పు నిండా ఎల్ఈడీ పట్టీలు వరసగా బిగించాడు. ఆపరేషన్ గదిలో కూడా ఇంతే, ఎటునుంచీ నీడ పడదు అన్నాడు. నిజమే, పడలేదు. దానితోపాటు నా గులాబీ కూడా పోయింది. తెల్లటి వెలుతురులో రేకులన్నీ ఒక్క మట్టంగా కనిపించాయి. లోతు అందక ఉలి జారి ఒక రేకు అంచు తెగింది.

వెనక... ‘త్చ్.’

లుత్ఫీ తల తిప్పి చూశాడు. అతనూ విన్నాడు.

పట్టీలు ఆపేసి, పక్క దీపం ఒక్కటే వెయ్యమన్నాను. నేను వెళ్ళి ఎదుటి గోడకి ఆనుకున్నాను. అతన్ని తలుపు దగ్గర నిలబడమన్నాను. బల్ల దగ్గర ఎవరూ లేరు. పలక మీద నీడ ఉంది. రెండు భుజాలు, ముందుకు వంగిన మెడ.

“వైరింగులో తప్పేం లేదు,” అన్నాడు లుత్ఫీ, గొంతు బాగా తగ్గించి. “అతియ్యా పెళ్ళామా, వాడెప్పుడూ ఇలాగే కూర్చునేవాడు కదా.”

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. అతని టెస్టరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

భయం వేసిందా అంటే వేసింది. దానికంటే ముందు ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ నా వెలుతురుకి అడ్డంగా కూర్చున్నాడు. చచ్చీ లేవడా?

తలుపు వేసుకుని కూర్చున్నాను. నీడల సంగతి నాకు బాగా తెలుసు. మనిషి దీపానికి దగ్గరగా ఉంటే నీడ పెద్దదిగా, అంచులు చెదిరి పడుతుంది. చెక్కకి దగ్గరైనకొద్దీ చిన్నదై, అంచు పదునెక్కుతుంది. పొద్దున అది పలకంతా పరుచుకుని మసగ్గా ఉంది. ఇప్పుడు చిన్నదైంది. అంచు గీత గీసినట్టుంది. చెవి కనిపిస్తోంది... చెవి మీద మెలితిరిగిన వెంట్రుకలు కూడా.

అంటే అతను వంగుతున్నాడు.

నా చేతులు పలక మీద ఉన్నాయి. అతని మొహం నా చేతుల దగ్గర ఉంది. వేళ్ళ మీద చల్లగా ఏదో తగిలింది. ఊపిరి అయితే వెచ్చగా ఉండాలి. ఇది చల్లగా ఉంది. టీ వాసన.

“జరుగు,” అన్నాను.

జరగలేదు.

“నీకు వెలుతురు కావాలి, అంతేగా? ఉంచుకో. నాకక్కర్లేదు.”

లేచి తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్ ఆపేశాను.

చీకటి. తడుముకుంటూ వచ్చి కూర్చున్నాను. బొటనవేలు రేకు మీద పెట్టాను. ఉలి దించాను... పొట్టు లేచింది. ఇంకోటి. నీడలో పని చేయడం నేర్పింది అతనే. పూర్తి చీకటైతే మాత్రం ఏం? తెగిన రేకుని వాడిపోయి ముడుచుకున్న రేకుగా మార్చేశాను. బయట పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయింది, రాత్రి ఇషా అయింది. నేను లేవలేదు. చల్లదనం మాత్రం ముంజేతుల దాకా పాకింది. ఒకటి రెండుసార్లు ఉలి నేను తోసినదానికంటే ఒక వెంట్రుకవాసి ముందే కదిలినట్టు అనిపించింది. పట్టించుకోలేదు.

ఆఖరికి పలక కింది మూల నా పేరు చెక్కాను. ఇన్సాఫ్. ఇంతకాలం ఏ పలక మీదా వెయ్యని పేరు. ఒక్కో అక్షరం వేలితో తడిమి చూసుకున్నాను.

మెయిన్ వేశాను. గులాబీలు బ్రహ్మాండంగా ఉన్నాయి. కింది మూల ‘అతియ్యా’ అని ఉంది.

కళ్ళు మూసుకుని తడిమాను. ఇన్సాఫ్. కళ్ళు తెరిచాను. అతియ్యా. గాడిలో పొట్టు ఇంకా తాజాగా ఉంది.

తెల్లారి హాజీ, షహాతా వచ్చారు. హాజీ పలక చుట్టూ తిరిగాడు, మెచ్చుకున్నాడు, వంగి పేరు చదివాడు. అల్లా అతన్ని కరుణించుగాక, పోయేముందే పూర్తిచేసి పెట్టాడన్నమాట అన్నాడు. షహాతా నవ్వు దాచుకోలేదు. అన్నయ్య పనిని నీ పనిగా చూపించడానికి సిగ్గు లేదా అని అడిగాడు. మెషిన్ రేపే వస్తుందన్నాడు.

నా పేరు అక్కడే ఉందని చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, పాపం పిచ్చెక్కిందన్నట్టు.

“కంటితో కాదు, వేలితో చదువు,” అన్నాను షహాతాతో. “ఏం, భయమా?”

భయమా అంటే మగాడు దేనికైనా సిద్ధపడతాడు. బల్ల దగ్గరికి వెళ్ళి మూల మీద వేలు పెట్టాడు. హాజీని నా పక్కన, తలుపు దగ్గర నిలబెట్టుకున్నాను. తలుపు మూసి మెయిన్ ఆపేశాను.

చీకట్లో వేలిగోరు చెక్క మీద గీసుకుంటున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదటినుంచీ గీసుకుంది.

“ఇన్... సాఫ్,” అన్నాడు షహాతా. ఇన్నేళ్ళలో అతని నోట నా పేరు రావడం అదే మొదలు.

“విన్నారుగా హాజీగారూ,” అన్నాను.

హాజీ నా పక్కన గొణుగుతూ దువా చదువుకుంటున్నాడు. విన్నానన్నాడు. షెడ్డు నీదే తల్లీ, లైటు వెయ్యమన్నాడు.

అప్పుడు అవతల బల్ల దగ్గర్నుంచి షహాతా గొంతు వచ్చింది, సన్నగా.

“వదినా... చదివాను కదా. ఇంక చెయ్యి వదులు.”

నా రెండు చేతులూ స్విచ్ మీదే ఉన్నాయి.

“వదినా, నొప్పెడుతోంది...”

లైటు వెయ్యాలా వద్దా అని కాసేపు ఆలోచించాను.