ఒకే గదికి రెండు అద్దెలు

నెల పుట్టకముందే అద్దె ఓనరు చేతిలో పెట్టెయ్యాలి. నా పద్ధతి అది. ఏడో తరగతితో చదువు ఆగిపోయినా, ఒకరి గుమ్మం ముందు తల దించుకుని నిలబడకూడదని మాత్రం చిన్నప్పుడే నేర్చుకున్నాను. బీడీ లేదు, సారా లేదు. జీతం రాగానే మొదట అద్దె, తరవాతే బియ్యం. ఇప్పటికీ అడిగినవాళ్లకి అదే చెబుతాను. ముందే ఇచ్చినంత మాత్రాన నెత్తి మీద కప్పు నీదైపోతుందనుకోవద్దని కూడా చెబుతాను.

షెడ్డులో నాతో పనిచేసే కన్నబాబు నవ్వేవాడు. "ముందే ఇచ్చేత్తే ఓనరు నీకు దండేత్తాడేటి బావా?"

వాడు పదో తారీకు దాటితే వెనక సందులోంచి ఇంటికి పోయే రకం. అలాంటివాడితో నేను వాదన పెట్టుకోను.

అది తొంభై ఎనిమిది. పోర్టు దగ్గర ఓ చిన్న షెడ్డులో వెల్డింగు పని నాది. కాపురం కంచరపాలెంలో. కార్తీకంలో నా భార్య ధనలక్ష్మి పెద్దాసుపత్రిలో ఆడపిల్లని కంది. తల్లీపిల్లల్ని ఇంటికి తీసుకొస్తే ఓనరు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. పురిటి మైల తన ఇంట్లో కలవకూడదట. మా సామాను అప్పటికే అరుగు మీద ఉంది. ఆ నెల అద్దె ఇచ్చేశానన్నాను. ఆయన తల తిప్పుకున్నాడు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆటోలో బాలింత, ఒళ్లో పసిగుడ్డు. ఆ పూటకి నాకొక కప్పు కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

అదే పేటలో, రైలు పట్టాల వైపు, భీమశంకరరావుకి వరసగా రేకుల ఇళ్లున్నాయి. చివరిది ఖాళీ. ముందొక గది, వెనక వంటగది. పురుడైనా పరవాలేదన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి, ఎందుకు ఖాళీగా ఉందని అడిగాను.

"దాలయ్యని ఓ సేపలోడు ఉండీవోడు. పోయాడు. మాఘం దాకా అద్దె ముందే కట్టీసినాడు."

"అయితే మాఘం దాకా గది ఆయనదే కదా?"

భీమశంకరరావు నవ్వాడు. "సచ్చినోడికి అద్దె వాపసు ఎక్కడికట్టుకెల్లి ఇమ్మంటావు? నువ్వియ్యు, నువ్వుండు."

ఒక గదికి ఇద్దరి దగ్గర తీసుకోవడం తప్పు. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. అని, నెలద్దె ఇచ్చాను. ఆటోలో పిల్ల ఏడుస్తోంది.

సామాను దించుతుంటే పక్కింటి గంగాలమ్మ వచ్చింది. చేపలు అమ్ముకునే ముసలామె. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు.

"పడవలో తన వాటా అమ్మీసి కట్టినాడు నాయినా ఆ అద్దె. రోగం ముదిరిపోనాది. అయినోల్లు నేరు. ముందే కట్టేత్తే నన్ను బయటికెవుడు తోత్తాడు, నా గదిలోనే కన్ను మూత్తానని మురిసిపోనాడు."

"మరి?"

"మరేటి. సెడ్డ నచ్చత్రంలో ఇంట్లో పీనుగు లేత్తే ఆర్నెల్లు తాళమెయ్యాల. ఓనరు ఒప్పుతాడేటి? ఊపిరి ఆడతండగానే మంచంతో మోయించి పట్టాల కాడ దింపించీసినాడు. పైన వోన. 'అద్దె ఇచ్చీసినాను... అద్దె ఇచ్చీసినాను...' తెల్లారేదాకా అదే మాట. తరవాత ఆ మంచం తెచ్చి మల్లీ ఈ గదిలోనే పడీసినారు."

మంచం గోడకి ఆనించి ఉంది. నులక మంచం. ధనలక్ష్మి వంటగదిలో పిల్లకి పాలిస్తోంది. ఈ మాటలు ఆమె వినలేదు. నేనూ చెప్పలేదు. మాకు వేరే మంచం లేదు.

కొన్నాళ్లు ఏమీ జరగలేదు. గూడ్సు బండి పోయినప్పుడల్లా గోడ వణికేది. పిల్ల ఉలిక్కిపడి మళ్లీ నిద్రపోయేది. గది చల్లగా ఉండేది, అంతే.

ఒక సాయంత్రం నేను షెడ్డు నుంచి వచ్చేసరికి వాన. పూర్తిగా చీకటి పడలేదు గానీ కరెంటు పోయింది. రేకుల మీద వాన చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. తలుపు తోయగానే వాసన తగిలింది. తడిసి ఆరని వల వాసన. దాని వెనక మందుల వాసన. ముందు గదిలో దీపం లేదు. వంటగదిలో పొయ్యి వెలుగు నేల మీద ఎర్రగా పడుతోంది. ఆ మూల పిల్లని ఒళ్లో పెట్టుకుని ధనలక్ష్మి ముడుచుకుని కూర్చుంది. బాలింతవి, చలిలో నేల మీదేమిటని కసిరాను.

ఆమె పెదవుల మీద వేలు పెట్టింది.

"గట్టిగా అనకు. పడుకున్నాడు."

"ఎవరు?"

"ముసిలోడు. తడిసిపోయి వొచ్చినాడు. ఇది నా గదే అమ్మా, అద్దె ఇచ్చీసినానన్నాడు. మంచం ఒగ్గీమన్నాడు. రోగం మనిసి... నేదని ఎలాగంటాను?"

ఆమె గొంతులో భయం లేదు. పొయ్యి మీద గంజి పెట్టానని చెప్పినట్టు చెప్పింది.

నేను వెనక్కి తిరిగాను. మంచం ముందు గదిలోనే ఉంది. దాని పక్కనుంచే లోపలికి వచ్చాను.

మంచం మీద ఎవరూ లేరు. నులక మాత్రం కుంగి ఉంది. మనిషి పడుకున్నంత మేర. కింద నేల మీదికి నీళ్లు... చుక్క... చుక్క...

ఊపిరి వినిపించింది. లోపలికి పీల్చడం... ఆగడం... మళ్లీ పీల్చడం. వదలడం లేదు. ఎంతసేపు నిలబడ్డా ఆ ఊపిరి బయటికి రాలేదు. పీలుస్తూనే ఉంది.

అరవాలనిపించలేదు. పారిపోవాలనీ అనిపించలేదు. ఒళ్లంతా మొద్దుబారింది, పని చేసి చేసి వేళ్లు మొద్దుబారినట్టు. నోట్లోంచి ఒక్క మాట వచ్చింది. నిజమైన మాటే.

"నేనూ ఇచ్చాను."

వాన చప్పుడు ఆగింది. కిటికీలోంచి వాన కనబడుతూనే ఉంది. చప్పుడే లేదు.

"మరైతే ఉండు బావా..." అంది మంచం మీది గొంతు. "సర్దుకుందుం... పోవడం... నాకింకా అవనేదు."

అప్పుడు వంటగదిలో పిల్ల ఊపిరి పీల్చింది. నాకు స్పష్టంగా వినబడింది. పీల్చింది... ఆగింది... మళ్లీ పీల్చింది.

వదల్లేదు.

నేను ఎప్పుడు కదిలానో తెలియదు. పిల్లని లాక్కుని, ధనలక్ష్మి రెక్క పట్టుకుని వీధిలోకి వచ్చాను. మొహం మీద వాన పడ్డాక పిల్ల ఊపిరి వదిలింది. గుక్కపెట్టి ఏడ్చింది.

తెల్లారేదాకా గంగాలమ్మ ఇంట్లో కూర్చున్నాం. ఇచ్చిన అద్దె వాపసు ఇమ్మని నేను భీమశంకరరావు దగ్గరికి పోలేదు. నేనిచ్చింది నేనిచ్చానంటూ ఒక గుమ్మం పట్టుకుని వేలాడే మనిషిని చూసి వచ్చాను కదా.

పొద్దున్నే కన్నబాబు ఇంటికి పోయి తలుపు కొట్టాను. గాజువాకలో తన పిన్ని చిలకమ్మ ఇంట్లో గది ఉందన్నాడు. అప్పటికప్పుడు బస్సెక్కించాడు.

ఇల్లు శుభ్రంగా ఉంది. ఎండ పడుతోంది. ధనలక్ష్మి పిల్లనెత్తుకుని లోపలికి పోయింది. నేను గుమ్మంలోనే జేబులోంచి డబ్బు తీసి చిలకమ్మకి అందించాను. ఆమె చెయ్యి చాపలేదు.

"మల్లీ ఏటి బాబూ? మీ పెద్దాయన ఇందాకే వొచ్చి ఇచ్చీసినాడు కదా. నోట్లన్నీ తడి. అదిగో, పెనం మీద ఆరబెట్టినాను."

నేను పెనం వైపు చూశాను.

"నీల్లకి మనిసికింతని ఇడిగా తీసుకుంతాను. అదీ కట్టీసినాడు. ఐదుగురమని సెప్పినాడు." ఆమె నా భుజం మీంచి వీధిలోకి చూసింది. "మిగతావోల్లు ఎనక వత్తన్నారా?"

మేం ముగ్గురం. ఆయనతో కలిపినా నలుగురమే. ఐదో మనిషి ఎవరో నాకు తెలియదు.

లోపల ధనలక్ష్మి అప్పుడే చాపలు పరుస్తోంది. ఎన్ని పరిచిందో నేను చూడలేదు.