నిండుకున్న బూరెల గిన్నె

అనగనగా అంటూ కథ మొదలుపెట్టడం ఇంకా ఎవరికీ అలవాటు కాని కాలంలో, కొండల నడుమ మేఖలసీమ అనే రాజ్యం ఉండేది. వానలు కురిసేవి, నేల పండేది. అయినా ఉగాది దగ్గరపడుతోందంటే అక్కడి పిల్లల ముఖాల్లో సైతం నవ్వు మాసిపోయేది. దానికి కారణం ఆకటిరేడు.

ఫాల్గుణమాసంలో ఏదో ఒక ఇంటి గుమ్మానికి ఎండిన విస్తరాకు వేలాడేది. పండుగనాటి మధ్యాహ్నం ఆకటిరేడు ఆ ఇంటికే భోజనానికి వస్తాడని దాని అర్థం. కొండలాంటి ఆ మనిషి పీట మీద కూర్చుని, ఆ ఇంట్లో చేసిన పిండివంటలన్నీ తిని, "ఇంకా?" అనేవాడు. గిన్నెలు ఖాళీ అయ్యాక వడ్డించేవారు "లేదు" అన్నా, "అయిపోయింది" అన్నా నిలుచున్నచోటే రాయైపోయేవారు. తలుపులు బిగించుకున్న ఇళ్ళలో ఇంటిల్లిపాదీ రాళ్ళయ్యారు. రాజు పంపిన భటుల కత్తులు అతని ఒంటిమీద మొద్దుబారాయి.

అడవిలో కట్టెలు కొట్టి బతికే మంగతాయి తల్లి సూరమ్మ కిందటి ఉగాదికి అలాగే రాయైంది. చేతిలో గరిటతో, "అయిపోయాయి నాయనా" అన్న మాట ఇంకా పెదవులను వీడనట్టు, వంటింటి గుమ్మం పక్కన నిలబడి ఉంది. నాయనమ్మ కోటమ్మ రోజూ పొద్దున్నే తడిగుడ్డతో కోడలి ముఖం తుడిచేది.

ఈ ఏడు కూడా విస్తరాకు వాళ్ళ గుమ్మానికే వేలాడింది.

ఆనాడు జాడీలోకి తొంగిచూసి మంగతాయి, "నాయనమ్మా, ఉప్పు అయిపోయింది" అంది.

"అలా అనకూడదే తల్లీ. నిండుకుంది అనాలి."

"ఖాళీ జాడీ పట్టుకుని నిండుకుందనడం అబద్ధం కాదూ?"

"మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెబుతున్నా. ఎందుకని ఆవిణ్ణి నేనడగలేదు, నువ్వూ నన్నడక్కు."

అర్థం తెలియని మాట పలకడం మంగతాయికి మొదటినుంచీ నచ్చదు. ఆమె గొడ్డలి పక్కనపెట్టి, అటుకుల మూట భుజాన వేసుకుంది. "వచ్చేవాడెవడో, వాడికంత ఆకలెందుకో తెలియకుండా వండి ఏం లాభం? పప్పు నానబెట్టే వేళకు వచ్చేస్తాను" అని అడవిదారి పట్టింది.

అడవి మొదట్లో, మద్దిచెట్టు కింద ఒక ముని రక్షరేకులు పరుచుకుని కూర్చున్నాడు.

"ఇది కట్టుకో బిడ్డా. ఆకటిరేడు నిన్నేమీ చేయలేడు."

"ఇది కట్టుకున్నవాళ్ళు ఎవరైనా బతికారా స్వామీ?"

"పనిచేయలేదని తిరిగొచ్చి చెప్పినవారు ఒక్కరూ లేరు!"

"రాళ్ళయినవాళ్ళు ఎలా తిరిగొస్తారు స్వామీ?"

 ముని లేచి, రేకులన్నిటినీ మూటగట్టి పక్కనున్న వాగులో వదిలేశాడు. "ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు" అన్నాడు. "ముళ్ళలోయ అవతల పాడుబడ్డ కోట ఉంది. ఆకటిరేడు అక్కడినుంచే వస్తాడు. ద్వారం దగ్గర గండభేరుండం కాపలా ఉంటుంది. అది నిజమే చెబుతుంది. దారి మాత్రం మంచిది కాదు."

నిజంగానే మంచిది కాదు. లోయలో తీగలు నడిచేవాళ్ళ కాళ్ళను వెతుక్కుంటూ పాకేవి. పెనుగులాడినకొద్దీ బిగుసుకుంటున్నాయని గమనించి, మంగతాయి కదలకుండా నిలుచుంది. పట్టు సడలినప్పుడల్లా ఒక్కో అడుగు వేసింది. కోట చేరేసరికి కాళ్ళు నెత్తురోడుతున్నాయి.

ద్వారం మీద రెండు తలల మహాపక్షి రెక్కలు విప్పింది. "మాకు తిండి పెట్టనిదే లోపలికి దారి లేదు. ముందు నాకు!" అంది ఒక తల.

"నిన్న నువ్వేగా ముందు తిన్నావు, సిగ్గులేనిదానా!" అంది రెండోది.

మంగతాయి అటుకుల మూట విప్పుతూ, "ఏ నోట్లో పడితేనేం? నిండేది ఒకటే కడుపు కదా!" అంది.

తలలు రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. పుట్టిన తరువాత మొదటిసారి పోట్లాడకుండా తిన్నాయి.

అప్పుడు మొదటి తల చెప్పింది: "ఈ కోటనేలిన రాజే ఆకటిరేడు. కరువునాడు ఒక బాటసారి వచ్చి అన్నమడిగితే, గాదెలు నిండి ఉండగా 'లేదు' అన్నాడు. ఆ మాట ఆయన కడుపులోనే ఇరుక్కుపోయింది. ఎంత తిన్నా లోపలినుంచి అదే వినిపిస్తుంది."

"ఆ మాట ఎదుటివారి నోట విన్నప్పుడు తన పాపమే ఎదురొచ్చినట్టవుతుంది. అప్పుడు ఆయన చూసే చూపే మనిషిని రాయిని చేస్తుంది" అంది రెండో తల.

"మరి విరుగుడు?"

"నిండి ఉండగా లేదన్నాడు. దానికి ఎదురుమాట ఏదో మాకు తెలియదమ్మా."

ఆ సమాధానమే మనసులో తిప్పుకుంటూ మంగతాయి ఇల్లు చేరింది. శనగపప్పు ఉడికించి వార్చింది. బెల్లం కలిపి, మెత్తగా రుబ్బి, యాలకులపొడి చల్లి పూర్ణం ఉండలు చేసింది. ఉండలను ముంచే తోపుపిండిని నాయనమ్మ వేలితో తాకి చూసి, "ఇంకాస్త చిక్కన కావాలే. పలచనైతే బూరె నూనెలో పగులుతుంది" అంది. బియ్యప్పిండి చేర్చారు. అతిథి ముట్టనిదే రుచి చూడకూడదు గనుక, వాసనే నమ్ముకుని వేయించారు. గిన్నె నిండింది.

మధ్యాహ్నం ఆకటిరేడు వచ్చాడు. పీట కిర్రుమంది. బూరెలు ఒకదాని వెంట ఒకటి నోట్లోకి వెళ్ళాయి. చివరిది కూడా మింగి, అతను చేయి చాచాడు.

"ఇంకా?"

మంగతాయి గిన్నెలోకి చూసింది. అడుగు కనబడుతోంది. గుమ్మం పక్కన అమ్మ కనబడుతోంది. 'అయిపోయాయి' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో గండభేరుండంతో తానన్న మాటే గుర్తుకొచ్చింది: నిండేది ఒకటే కడుపు. ఇక్కడినుంచి వెళ్ళినవి ఎక్కడికి వెళ్ళినట్టు?

"నిండుకున్నాయి" అంది.

ఆకటిరేడు కళ్ళు ఎర్రబడ్డాయి. "ఖాళీ గిన్నె చూపి నిండుకున్నాయంటావా? నాతో పరిహాసమా?"

"కాదు నాయనా. గిన్నెలోవి గాలికి పోలేదుగా! ఇక్కడ ఖాళీ అయితే తిన్నవారి దగ్గర నిండినట్టే. నా మాట నమ్మొద్దు. మీ చేత్తో మీరే తడిమి చూసుకోండి."

అంతవరకూ ఎవరూ అతన్ని అలా చూసుకోమనలేదు. ఆకటిరేడు తటపటాయిస్తూ కడుపుమీద చేయి పెట్టుకున్నాడు. తరువాత ఇంటి కప్పు అదిరేలా ఒక త్రేన్పు వచ్చింది. దానితోపాటే, ఎన్నేళ్ళుగానో లోపల ఇరుక్కున్న 'లేదు' అన్న మాట బయటపడింది.

"చాలు తల్లీ" అన్నాడు. అతని చెంపలమీదుగా నీళ్ళు కారాయి. కొండలాంటి దేహం కరిగి, పీట మీద ఒక బక్కచిక్కిన ముసలివాడు మిగిలాడు.

గుమ్మం దగ్గర గరిట ఖణేలుమని కిందపడింది. "ఏమిటే ఈ వాసన? బూరెలా?" అంది సూరమ్మ. మంగతాయి పరుగున వెళ్ళి తల్లిని వాటేసుకుంది. వీధి పొడుగునా రాళ్ళు మనుషులై, పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు.

"ఏడాదిగా నిలబెట్టారు, ఆకలేస్తోంది. నాకొక్కటైనా ఉంచావటే?"

"నిండుకున్నాయమ్మా!" అంది మంగతాయి ఏడుస్తూ, నవ్వుతూ.

"అయితే పప్పు నానబెట్టు."

ముసలిరాజు లేచి, పంచె ఎగగట్టి రోలు ముందు కూర్చున్నాడు. ఆ సాయంత్రం కొత్త బూరెలను ఆయనే వడ్డించాడు; మొదటిది సూరమ్మ విస్తట్లో వేశాడు. పొద్దు వాలుతుండగా గడప దాటి, చేతులు జోడించాడు.

"వెళ్ళొస్తాను."

వీధిలోని వారంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. సూరమ్మ మాత్రం కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"రండి నాయనా, తప్పకుండా రండి. ఈసారి ముందుగా కబురు పెట్టండి. ఆ ఎండు విస్తరాకు మాత్రం వద్దు!"