ఎండకు చావని పొడి

“మా సూక్ష్మజీవులను ఎవరో చంపినారు మేడమ్. రేపు రైతులొస్తారు. వాళ్లకు నేనేం చూపించాల?”

అనంతపురంలో ప్రైవేటు డిటెక్టివ్ ఇంద్రాణి ఎదుట కూర్చుని అడిగింది రేఖ. ఆమె బుక్కరాయసముద్రం దగ్గర ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. వేరుశనగ వేళ్లను పట్టుకుని, వాన ఎగ్గొట్టినా మొక్కను నిలబెట్టే సూక్ష్మజీవులను పెంచి, ఆరబెట్టి పొడి చేసింది. నీళ్లు తగిలితే అవి మేలుకోవాలి. ఆ ఉదయం పరీక్షిస్తే ఒక్క సీసాలోనూ మేలుకోలేదు.

సహాయకుడు హర్షను వెంటబెట్టుకుని ఇంద్రాణి వెంటనే బయలుదేరింది.

సీసాలున్న బీరువా తాళాలు రేఖ దగ్గర, ఆమె పై అధికారి నాగేశ్వర దగ్గర, ల్యాబ్ అసిస్టెంటు దేవేంద్ర దగ్గర ఉన్నాయి. హర్ష ఒక సీసా ఎత్తి చూశాడు. గాజు మీద తెల్లటి చుక్కలు. గోటితో గీకితే పొడిపొడిగా రాలాయి.

“ఈడ అన్నీ డిస్టిల్డ్ వాటర్‌తోనే కడుగుతామన్నా,” అన్నాడు దేవేంద్ర. “మరక కనపడితే రేఖక్క ఊరుకోదు.”

నాగేశ్వర గదిలో కూలర్ హోరెత్తుతోంది. దాని ముందు కూర్చున్న హర్ష కళ్లద్దాల మీద తుంపర పడింది.

“నిన్న ల్యాబ్‌లో ఏసీ చెడిపోయింది. ఎండకు మాడిపోయినాయి, అంతే,” అన్నాడు నాగేశ్వర. “మన సీమ ఎండలో ఇట్లాంటివి బతకవని మొదట్నుంచీ చెప్తానే ఉండా.”

“నిన్న బీరువా తెరిచారా?”

“ఆ పక్కకే పోలేదు. పొద్దుగూకేదాకా ఈ గది దాటలేదు.”

బయటికొచ్చాక హర్ష కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా మచ్చలు పోలేదు. ఇంద్రాణి వాటివైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు వస్తే కేసు సగం తేలినట్టేనని హర్షకు తెలుసు. ఎలా తేలిందో మాత్రం ఎప్పటిలాగే తెలియలేదు.

“రేఖా, ఎండిపోయినా అవెలా బతుకుతాయి?”

“ఆరిపోయేటప్పుడు కణం తనలోనే ట్రెహలోజ్ అనే చక్కెర చేసుకుంటుంది మేడమ్. అది గాజులా గట్టిపడి లోపలి ప్రోటీన్లు చెడకుండా పట్టుకుంటుంది. మేలుకోగానే కణం ఆ చక్కెరనే తిని శక్తి తెచ్చుకుంటుంది.”

“నిద్రలోనే చనిపోతే?”

“చక్కెర అట్లే మిగిలుంటాది.” రేఖ కళ్లు పెద్దవయ్యాయి.

“మిగిలిందేమో పరీక్షించు. ఈ పొడి బయట ఎక్కడైనా ఉందా?”

“ఎండాకాలానికి ముందే నాయనకు ఒక పొట్లం ఇచ్చినా. కదిరి దగ్గర మా ఊర్లో, రేకుల కొట్టంలో పెట్టుకున్నాడు.”

“అది తీసుకుని ఆయన్ను రమ్మను.”

సాయంత్రం అందరూ ల్యాబ్‌లో చేరారు. రేఖ తండ్రి పుల్లన్న పొట్లం పట్టుకుని గోడవార నిలబడ్డాడు.

“సీసాల్లో చక్కెర మిగల్లేదు,” అంది ఇంద్రాణి. “అంటే ఎండకు చావలేదు. ఎవరో తడిపి మేల్కొలిపారు. డిస్టిల్డ్ వాటర్ ఆరితే మచ్చ ఉండదు. సీసాల మీద ఉన్నది కూలర్‌లో పోసే బోరు నీళ్ల ఉప్పు. హర్షా, అద్దాలు చూపించు.”

హర్ష అద్దాలు తీసి సీసా పక్కన పెట్టాడు. రెండింటి మీదా అవే తెల్లటి చుక్కలు.

“మూతలు తీసి కూలర్ ముందు పెట్టారు. అవి లేచి, చక్కెర తినేశాయి. మళ్లీ చేసుకునే వ్యవధి ఇవ్వకుండా కిటికీలో ఎండకు ఆరబెట్టారు. నాగేశ్వరగారూ, నిన్నంతా ఆ కూలర్ ముందు ఉన్నది మీరేనని మీరే అన్నారు.”

దేవేంద్ర నోరు తెరుచుకుని చూశాడు. నాగేశ్వర తల వాలిపోయింది.

“ఎన్ని మీటింగుల్లో చెప్పినానో, ఈడ బతకవని! మొన్న చేరిన పిల్ల నా మాట తప్పని చూపిస్తే నా మొగం యాడ పెట్టుకోవాల?”

రేఖ ముందుకొచ్చింది. తండ్రి చేతిలోని పొట్లం విప్పి, చిటికెడు పొడిని పోషక ద్రవంలో కలిపి, నీలం రంగు చుక్క వేసింది. చాలాసేపటికి నీలం మెల్లగా గులాబీగా మారింది.

“కణాలు ఊపిరి తీస్తాండాయి. చూడండి సార్.”

నాగేశ్వర దగ్గరికొచ్చి వంగి చూశాడు. “బతికినాయి,” అన్నాడు ఎట్టకేలకు.

మర్నాడు రైతుల మధ్య తిప్పన్న అనే ముసలాయన లేచాడు. “ఎండకు చావదంటాండారే, ఎవురు చూసినారప్పా?”

ముందు వరుసలో పుల్లన్న నిలబడ్డాడు.

“నేను చూసినా. ఎండాకాలమంతా నా కొట్టంలోనే ఉండాది. చేసింది నా కూతురు!”

ఆ మాట చివరి వరుసదాకా వినిపించడానికి మైకు అవసరం లేకపోయింది.