నూకల తొట్టిలో ఆరిపోయే లాంతరు

"ఈ గేటు లోపలికొచ్చిన ప్రతి కూలీ సాయంత్రం తన కాళ్ల మీద తను ఇంటికెళతాడు. మాటిస్తున్నాను."

ఎనభై ఏడులో శంకుస్థాపన రోజున స్పిరిట్ ఫ్యాక్టరీ యజమాని మైకులో చెప్పిన మాట ఇది. ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకుపల్లి నుంచి రేపల్లె పోయే దారిలో ఆ గేటుకి తుప్పు, లోపల జిల్లేడు, వెనక పెద్ద సిమెంటు తొట్టి. పొద్దుగుంకాక అటు ఎవరూ పోరు. తొట్టి మీదకి ఓ దీపం వస్తుందట... లోపలికి దిగుతుందట... ఎవరో ఊదినట్టు ఆరిపోతుందట.

ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఆ తొట్టిలోనే కూలీ మోషే చచ్చిపోయాడు.

పొన్నూరు మిల్లుల నూక ఉడికించి, బాక్టీరియాతో పులియబెట్టి, మోటార్లు నడిపే స్పిరిట్ తీసేవారు. గోడ మీద 'దేశానికి ఇంధన స్వావలంబన' అని రాశారు. ఆ స్వావలంబన అడుగున పేరుకున్న మడ్డి ఎత్తడానికి మాత్రం ఊరవతల పేట మనిషి కావాల్సొచ్చాడు. శవం స్పిరిట్ కంపు కొట్టింది. తొట్టి ముందే కడిగించాం, తప్పు మాది కాదు, తాగి పడ్డాడు అని కంపెనీ తేల్చేసింది. చర్చిలో కూడా ఆ మాటే నమ్మారు.

ఇక మా ఊరి బడి జ్ఞానానందం మాస్టారు నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

సైకిలు పంక్చరై, చీకటి పడ్డాక ఆయన ఆ దారిన నడిచొస్తున్నాడు. గేటు దగ్గర పుల్లటి కంపు. గాలి లేదు... ఆకు కదలడం లేదు... తొట్టి లోపల ఏదో గుడగుడమంది.

తలెత్తాడు. అంచు మీద దీపం.

మెల్లగా లోపలికి దిగింది. తొట్టి మూతి దగ్గర కాస్త వెలుగు మిగిలింది... అదీ పోయింది.

పైనుంచి ఓ గొంతు —

"అన్నా... ఆరిపోయింది, చూశావా?"

మోషే భార్య రాహేలు. చేతిలో తాడు, తాడు చివర లాంతరు.

మా వైపు పాడుబడ్డ బావిలో దిగాలంటే ముందు లాంతరు దింపుతారు. దీపం ఆరితే మనిషి దిగడు. నూక పులిస్తే పుట్టే గాలి బరువుగా అడుగున కూర్చుంటుంది, అందులో దీపమూ బతకదు, మనిషీ బతకడు. మోషే ఆ రోజు ఇంటి లాంతరు పట్టుకెళ్లాడు. స్పిరిట్ దగ్గర నిప్పేంటని మేస్త్రీ బసవపున్నయ్య గేటు దగ్గరే లాక్కున్నాడు. సరే, నిప్పు వద్దు. బదులేం పెట్టారు?

మనిషినే దింపి చూశారు.

"కడిగామన్నారుగా," అంది రాహేలు. "మడ్డి ఇంకా అడుగునే పులుస్తోంది, ఇన్నాళ్లయినా దీపం నిలవట్లేదు. నా బిడ్డల్ని తాగుబోతు పిల్లలంటున్నారన్నా. చూసింది చర్చిలో చెబుతావా?"

మాస్టారు చెప్పాడు. ఆ వారమే తొట్టి పూడ్చేయడానికి కంపెనీ మట్టి లారీలు పంపింది. అవి వచ్చేసరికి మసకచీకటి. దీపం దిగడం, ఆరిపోవడం చూసి డ్రైవర్లు మట్టి రోడ్డు మీదే పోసి పారిపోయారు. తొట్టి అలాగే ఉంది.

రాహేలుని మెచ్చుకోబోయాను.

"నేను కాదయ్యా. ఆ రోజు బాపట్లలో మా అమ్మాయి దగ్గరున్నా."

మాస్టారుని అడిగాను. ఆయనా కాదన్నాడు.

యజమాని గారూ, దయ్యాల లెక్క నాకు తెలియదు. మోషే తాగలేదని మీ నోటితో చెప్పాలి, మైకులో, ఆ గేటు ముందే. గడువు సమాధుల మీద దీపాలు పెట్టే రోజు.

అంటే 1992 నవంబరు 2.