ల్యాంపు రూములో నంబరిచ్చేదెవరు?

చీకటి పడితే కేజీఎఫ్‌లో ఆ పాత ల్యాంపు రూము వైపు కుక్క కూడా పోదు. గని నడిచిన రోజుల్లో కిందికి దిగే ప్రతివాడూ అక్కడే దీపమూ, నంబరు బిళ్ళా తీసుకునేవాడు. అలా దిగి, మళ్ళీ పైకి రానివాడొకడు ఉన్నాడట. రాత్రయితే వచ్చి అడుగుతాడట... "నా నంబరేది?" అని.

అలాంటి చోట కంప్యూటర్ సెంటర్ పెట్టారు మహానుభావులు.

బైరకూరు గిరీశ్‌కి దెయ్యాలంటే నమ్మకం లేదు. పగటిపూట అసలే లేదు. గదినిండా ఉన్న కొత్త కంప్యూటర్లకు కేబుల్ మీదుగా, తను తెచ్చిన సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ నుంచి, వాటిని నడిపించే లినక్స్ ఎక్కించడం అతని పని. తెల్లారితే పిల్లలు క్లాసుకొస్తారు. "ఈసారీ కాలేదంటే ఇంగ ఆఫీసుకు రావద్దు" అని ఓనరు ముందే చెప్పాడు. ఇదివరకు వచ్చిన ఇద్దరూ పరారు. వాళ్ళ బ్యాగులు ఇంకా ఆ మూలనే ఉన్నాయి.

రాత్రి ఒక్కడే కూచుని మొదటి కంప్యూటర్ ఆన్ చేశాడు. నిద్రలేవగానే అది కేబుల్లోకి ఒకటే కేక వేస్తుంది — నా నంబరేది? సర్వర్ నంబరిచ్చి, లినక్స్ ఎక్కడుందో చూపాలి.

నంబరు వచ్చింది. లినక్స్ రాలేదు.

ఇంకోటి ఆన్ చేశాడు. అదే వరస. సర్వర్ని చూస్తే... అది ఎవరికీ ఏ నంబరూ ఇవ్వలేదు!

మరి ఇస్తున్నదెవరు?

అప్పుడే... వెనక, తాళం వేసిన దీపాల కొట్టులోంచి... సన్నగా పాట.

పారిపోదామంటే ఉద్యోగం గుర్తొచ్చింది. ఒక్కో కేబులూ పీకుతూ, అదే కంప్యూటర్ని మళ్ళీ మళ్ళీ లేపాడు. ఒక కేబుల్ పీకగానే — సర్వరే బదులిచ్చింది! లినక్స్ ఎక్కసాగింది.

పీకిన ఆ కేబుల్ నేలవెంట పోయి పోయి... కొట్టు తలుపు కింద దూరింది.

భుజం మీద చెయ్యి పడింది.

"ఓయమ్మో!"

"అరవద్దప్పా, నేనే."

గదులు ఊడ్చే ఎస్తరమ్మ. చేతిలో తాళాల గుత్తి.

"లోపల... ఎవరమ్మా?"

"ఎవురుంటారప్పా? నా పాత ఫోను. దెయ్యం పోవాలని రాత్రంతా ప్రార్థన పాటలు పెట్టి పోతాను."

తలుపు తీసింది. ఫోను పక్కన చిన్న వైఫై పెట్టె. దాని వీపున ఆ కేబుల్.

"ఇది?"

"పాట అన్ని కంప్యూటర్లకూ పోవాల కదా, అని నేనే గుచ్చినా. పోలేదా?"

పోయింది తల్లీ, బ్రహ్మాండంగా పోయింది! కంప్యూటర్లు నంబరడిగిన ప్రతిసారీ సర్వర్ కంటే ముందు ఆ పెట్టే నోరు తెరిచింది. నంబరంటే ఇస్తుంది గానీ, లినక్స్ సంగతి దానికేం తెలుసు పాపం! దెయ్యానికి మందు వేస్తే మందే దెయ్యమై కూర్చుంది.

గిరీశ్ పడీ పడీ నవ్వాడు. ఎస్తరమ్మకు ఒళ్ళు మండింది.

"నగుతావా? సరే, నా ఫోనూ పెట్టే నేను ఎత్తుకొని పోతా. ఇంగ నువ్వూ, వాడూ చూసుకోండి."

వెళ్ళిపోయింది. గిరీశ్ ఈలవేస్తూ మిగతావన్నీ ఆన్ చేశాడు. అన్నిటికీ నంబర్లు వచ్చాయి, లినక్స్ ఎక్కింది. ఉద్యోగం నిలిచిందని కాళ్ళు బార్లా చాపాడు.

సర్వర్ తెర మీద కొత్త వరస కదిలింది.

ఎవరో... నంబరడుగుతున్నారు.

గిరీశ్ గదంతా చూశాడు. నంబరు రాని కంప్యూటర్ ఒక్కటీ లేదు. కొట్టు కేబుల్ అతని కాళ్ళ దగ్గరే, ఊడి పడి ఉంది.

సర్వర్‌కు భయమేముంది? అడిగినవాడికి నంబరిచ్చేసింది.

తెల్లారి పిల్లలు వచ్చేసరికి కంప్యూటర్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. మూలన మూడో బ్యాగు ఉంది.