కుట్టు బాగున్న కిటికీ

పొద్దున్నే దర్జీ మాస్టారు కుట్టుమిషను ముందు కాకుండా అద్దం ముందు నిలబడ్డాడు. ఆ రోజే కొత్త ఇంటికి బయానా ఇవ్వాలి. ఇప్పుడున్న ఇంట్లో వీధివైపు కిటికీ పక్కన ఆయన మిషను, వెనక గాలీ వెలుతురూ లేని చీకటి గదిలో ఆయన భార్య వంట. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆవిడ అడిగింది ఒక్కటే, వంటింటికి ఒక కిటికీ. పాపం, అదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

“నేనూ వస్తాను,” అందావిడ చెంగుతో మొహం తుడుచుకుంటూ.

“నేను చూసొచ్చానుగా! వంటింటికి ఇంత పెద్ద కిటికీ. ఇంకేం కావాలి నీకు?”

“కొలతలు తియ్యకుండా ఎవరి జాకెట్టైనా కుడతారా మీరు?”

“చచ్చినా కుట్టను.”

“మరి నేనుండబోయే వంటిల్లు నేను చూడకుండా ఎలా కొంటారు?”

మాస్టారు ఆవిడ చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు.

కొత్త ఇంటి గుమ్మంలో బ్రోకరు పళ్లికిలించాడు. “రండమ్మా, రండి! ఆలసించిన ఆశాభంగం. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది.”

ఆవిడ ఆ మాట చెవిన పెట్టలేదు. కుళాయి తిప్పింది, గడియ వేసి తీసింది, గోడను వేలి కణుపుతో కొట్టి చూసింది. తర్వాత వంటింట్లో అడుగుపెట్టింది. పొయ్యిగట్టు పైన ఎర్రంచు పసుపు తెర నిండుగా వేలాడుతోంది.

“చూశావా?” మాస్టారు పొంగిపోయాడు. “అస్తరు వేసి మరీ కుట్టారే! ఆ కుచ్చిళ్లు చూడు, ఒక్కటైనా తేడా ఉందేమో! ఎవడో గానీ చెయ్యి తిరిగినవాడు.”

“కుట్టు సంగతి సరే. తెర తీసి చూశారా?”

మాస్టారు తల గోక్కున్నాడు. “ఆ పనితనం చూస్తూ... తియ్యడం మర్చిపోయానే.”

“తియ్యకండమ్మా, ఎండ మొహాన కొడుతుంది!” బ్రోకరు అడ్డం వచ్చాడు.

ఆవిడ ఒక్క లాగు లాగింది. వెనక గోడ. తెల్లగా, నున్నగా, చీమ దూరే సందు కూడా లేని గోడ.

“కొన్నాక... కొట్టించుకోవచ్చు కదమ్మా,” బ్రోకరు నీళ్లు నమిలాడు.

“ఎటు కొట్టించమంటావు నాయనా? పక్కింటివాళ్ల పడగ్గదిలోకా?”

ఇక తన మీద విరుచుకుపడుతుందనుకున్నాడు మాస్టారు. ఆవిడ మాత్రం ఆ గోడ మీద చెయ్యి పెట్టి, “ఇన్నేళ్లూ దీనికోసమే ఎదురుచూశానండీ,” అంది.

మాస్టారి ప్రాణం ఉసూరుమంది. ఊళ్లో అందరి కొలతలూ ఆయనకు నోటికొచ్చు. సొంత భార్య పడే ఉక్కపోత ఎంతో మాత్రం ఏనాడూ చూడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి రాగానే చొక్కా చేతులు పైకి మడిచాడు. మిషను వెనక గదిలోకి ఈడ్చాడు. పొయ్యి తెచ్చి వీధి కిటికీ పక్కన పెట్టాడు.

“ఇదేం చోద్యమండీ! బట్టలిచ్చేవాళ్లు చూసి నవ్విపోతారు.”

“నవ్వనీ. మంచి ఇల్లు దొరికేదాకా ఈ కిటికీ నీది.”

ఆవిడ కళ్లొత్తుకుంది. గాలికి ఎగురుతున్న ముంగురులు సర్దుకుంటూ టీ పెట్టింది. అది మరగకముందే లోపల్నుంచి కేక వినిపించింది.

“ఏమేవ్! ఇక్కడ ప్రాణం పోయేలా ఉందే! రేపే ఇంకో ఇల్లు చూద్దాం!”

“కంగారెందుకండీ,” అందావిడ, కిటికీ రెండో రెక్క కూడా బార్లా తెరుస్తూ. “నిదానంగానే చూద్దాం. నాకిక్కడ హాయిగా ఉంది.”